ఇంటికప్పు విప్పిన నలుగురు

చదువవలసిన భాగము: మార్కు సువార్త 2:1–12

పక్షవాయువుగల వానిని మోసికొనివచ్చిన నలుగురి విశ్వాసమును గూర్చి మనము పలుమారులు వినియున్నాము. వారు చేసిన పనిని కూడ నిదానముగా చూడుడి. వాకిట సందు లేకపోయెను. వారు రోగిని లేచి రమ్మని తొందరపెట్టలేదు, తిరిగి ఇంటికి మోసికొనిపోనూ లేదు. అడ్డమైనది ఇల్లు గనుక ఇంటికప్పునే విప్పిరి.

ఈ సంగతి నాకు మా సంఘములోని ఒక వృద్ధ ఉపాధ్యాయునివలన బోధపడినది. ఆయనకు పార్కిన్సన్ వ్యాధి. 1817లో లండను వైద్యుడగు జేమ్స్ పార్కిన్సన్ దీనిని వర్ణించి వ్రాసెను గనుక ఆ పేరు వచ్చినది. మెదడులో డోపమిన్ అను పదార్థమును తయారుచేయు కణములు క్రమముగా నశించుటచేత నడక మందగించును, శరీరము బిగుసుకొనును, అనేకులకు చేతులు వణకును. లెవోడోపా మొదలగు మందులు చాల మేలుచేయును గాని వ్యాధి పెరుగుదలను ఆపజాలవు.

ఆయనకు అన్నిటికంటె కష్టమైనది గుమ్మము. వరండాలో బాగుగానే నడచివచ్చును. గుమ్మము యొద్దకు రాగానే పాదములు నేలకు అంటుకొన్నట్లు నిలిచిపోవును. ఇది మొండితనము కాదు, వ్యాధి లక్షణమే. ఇరుకు చోట్లను, మలుపులయందును ఎక్కువ. వెనుకనున్నవారు “రండి మాస్టారూ” అని చెయ్యిపట్టి లాగుదురు. నేనును లాగినవాడనే. లాగినయెడల ఒళ్లు ముందుకు వచ్చును, పాదములు రావు. ఒక ఆదివారము నేను లాగగా ఆయన మందిరపు గుమ్మములోనే పడెను. తరువాత మూడు నెలలు ఆరాధనకు రాలేదు. మోకాలు నొప్పి కాబోలు అనుకొంటిమి. నిజమునకు ఆయన సిగ్గుపడెను.

ఫిజియోథెరపిస్టు చెప్పగా ఆయన కోడలు ఇంటి గుమ్మమునకు ఇటునటు సుద్దముక్కతో అడుగుకొక అడ్డగీత గీచినది. గీతను దాటవలెనని చూచినంతనే కాలు లేచెను! వింతగా తోచినను ఇది అనేక రోగులయందు కనబడిన సంగతి. కొందరికి ఒకటి, రెండు అని లెక్కించుట, కొందరికి పాట తాళము తోడ్పడును. అన్నియు అందరికిని పనిచేయవు.

ఇంటివారితో ఒక మాట. ఆయన నిలిచిపోయినప్పుడు మీరును నిలువుడి. బరువును ఒక కాలిమీదికి మార్చి రెండవ కాలితో పెద్ద అడుగు వేయనిండు. ఉన్నచోటనే గిరుక్కున తిరుగక, చుట్టు నడచి తిరుగవలెను. నడచుచుండగా ప్రశ్నలు వేయకుడి, చేతికి కాఫీ గ్లాసు ఇయ్యకుడి. మందు వేళకు పడవలెను. ప్రసంగము ముగియలేదని ఆపరాదు. (మన ప్రసంగముల పొడవు నేనెరుగుదును.) వైద్యుడు చెప్పిన వ్యాయామము మానరాదు. చేతికర్ర సంగతి వేరు: బెత్తము పట్టిన చేతికి కర్రయా అని మాస్టారు ఏడాది పాటు ఒప్పుకొనలేదు. ఆ విషయములో ఆయనను తొందరపెట్టి ప్రయోజనము లేకపోయెను.

మందిరపు గుమ్మమున తెల్లరంగు గీతలు వేయుదమనగా, అందము చెడునని పెద్దలలో ఒకరు సణిగిరి. అయినను వేసితిమి. మోకరించలేనివారికి రొట్టెయు పాత్రయు కూర్చున్న చోటికే తెచ్చుటకు ఏర్పాటాయెను. ఇంత చిన్న పనికి మాకు మూడు నెలలు పట్టెను.

తరువాతి సంస్కారపు ఆదివారమున ఆయన కర్రతో వచ్చెను. గుమ్మములో నిలిచిపోయెను. వెనుక వరుస అంతయు ఆగెను. ఎవరును చెయ్యి చాపలేదు. లోపల మొదటి కీర్తన ఆరంభమాయెను. ఆయన తలవంచి గీతను చూచి, కాలెత్తి దాటెను.