పచ్చకామెర్లన్నియు ఒక్కటి కావు

గ్రామములో ఎవరికైనను కన్నులు పచ్చబడినచో పసరు త్రాగించుటయో, చేతిపై వాత పెట్టించుటయో నేటికిని పెక్కుచోట్ల జరుగుచునే యున్నది. కొన్ని వారములకు కామెర్లు తగ్గినచో ఆ ఘనత పసరునకే దక్కుచున్నది. కలుషితమైన నీటివలన వచ్చు కామెర్లు చాలమందిలో తమంతట తామే తగ్గును. కాని పసరును నమ్మి కాలము గడపుట ప్రాణములకే ముప్పు తెచ్చు సందర్భములును కలవు. అట్టివానిలో కొడవలి కణవ్యాధి, అనగా సికిల్ సెల్ వ్యాధి, ఒకటి. పంచాయతీ సభ్యులు దీనినిగూర్చి ఏల తెలిసికొనవలెనో ఇచట వివరింతుము.

వ్యాధి స్వరూపము

రక్తములోని ఎర్రకణములు సాధారణముగా గుండ్రముగను, మెత్తగను ఉండి సుమారు 120 దినములు జీవించును. ఈ వ్యాధి గలవారిలో అవి కొడవలివలె వంగి, గట్టిపడి, 10 నుండి 20 దినములలోనే నశించును. సన్నని రక్తనాళములలో అడ్డుపడి తీవ్రమైన నొప్పులను కలిగించును. ఇది అంటువ్యాధి కాదు, గాలి సోకుట కాదు. తల్లిదండ్రులిద్దరినుండియు బిడ్డకు సంక్రమించు దోషము. ఇద్దరును వాహకులైనచో ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి కలుగుటకు నాలుగింట ఒక వంతు, వాహకత్వము కలుగుటకు సగము అవకాశము కలదు. వాహకులు చూచుటకు ఆరోగ్యవంతులే. కనుకనే మేనరికములు వాడుకగానున్న మన సీమలో వివాహమునకు ముందే రక్తపరీక్ష చేయించుట మేలు.

మన దేశమున ఈ వ్యాధిని 1952లో నీలగిరుల గిరిజనులలో మొదట గుర్తించిరి. ఆంధ్రప్రదేశ్‌లో ఉత్తరపు మన్యమునను, తెలంగాణలో ఆదిలాబాదు ప్రాంతపు గోండులలోను ఇది కానవచ్చుచున్నది. అనంతపురము పీఠభూమి మన్యము కాదు. అయినను రక్తదోషమునకు జిల్లాల సరిహద్దులు లేవు. వలసతోను, వివాహముతోను అది ప్రయాణము చేయును. పాలిపోయిన ప్రతి బిడ్డకును తిండిలేమియే కారణమని తలంపరాదు.

కాలేయమునకు కలుగు హాని

ఎర్రకణములు అధికముగా నశించుటచే వెలువడు పసుపు పదార్థము కన్నులను ఎల్లప్పుడు కొంత పచ్చగా నుంచును. అది పిత్తాశయములో రాళ్లుగా గట్టిపడి కుడి డొక్కలో నొప్పి కలిగించును. కొడవలి కణములు కాలేయములోని నాళములను మూసివేసినచో జ్వరము, నొప్పి, కామెర్లు ఒక్కమారుగా హెచ్చును. ఒక్కొక్కప్పుడు రక్తము కాలేయములో నిలిచిపోయి, అది వాచి, మనిషి కొలది గంటలలోనే పాలిపోవును. ఇది ఆసుపత్రికి తప్ప మరెచ్చటికిని పోరాని స్థితి. పలుమార్లు రక్తము ఎక్కించుకొన్నవారి కాలేయములో ఇనుము పేరుకొనును. అట్టివారికి వైద్యుని అడుగక ఇనుప మాత్రలు ఈయరాదు. సారాయి వీరికి విషతుల్యము.

మన జిల్లా సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఎండలో పనిచేయువాని దేహములో నీరు తగ్గినపుడు కణములు త్వరగా వంగును. నీటి ఎద్దడిలో కలుషితజలము త్రాగినచో కామెర్ల రోగమును తోడగును. కావున త్రాగునీటి ప్రశ్నయు ఈ వ్యాధి ప్రశ్నయు వేరు కావు.

కార్యకర్త ఎట్లుండవలెను?

1977 అక్టోబరు 2న దేశమున గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకము ప్రారంభమైనది. నెలకు 50 రూపాయల భృతి, మందుల పెట్టె ఇచ్చిరి. ఎన్నికైనవారిలో పురుషులే అధికులు. శిక్షణ ముగిసిన వెనుక వారిని కనిపెట్టి చూచు ఏర్పాటు చాలలేదు. పథకము క్రమముగా క్షీణించెను. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో అరోలే దంపతులు 1970లో ప్రారంభించిన కేంద్రము వేరు మార్గమున నడచెను. చదువు అంతగా లేని గ్రామస్త్రీలనే ఎన్నుకొని, మరల మరల పిలిపించి నేర్పుటచే వారు సమర్థులైరి. మన అనంతపురమున 1969 నుండి పనిచేయుచున్న గ్రామీణాభివృద్ధి సంస్థయు గ్రామస్త్రీలకే ఆరోగ్యశిక్షణ నిచ్చినది. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య పథకముచే ఆశా కార్యకర్త ప్రతి గ్రామమునకు చేరినది. ఆమెకు ఏర్పాటు కలదు, కావలసినది తోడ్పాటు.

2023 జూలై 1న కేంద్రప్రభుత్వము సికిల్ సెల్ నిర్మూలన ఉద్యమమును ప్రారంభించి, 2047 నాటికి దీనిని తొలగింప సంకల్పించినది. వ్రేలినుండి తీసిన రక్తపుబొట్టుతో తొలి పరీక్ష చేయవచ్చును. హైడ్రాక్సీయూరియా అను మందు నొప్పులను తగ్గించును. కాని పరీక్షకు మనిషిని తీసికొనివచ్చువారు, మందు మానకుండ చూచువారు గ్రామములోనే ఉండవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

1. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సమితిని క్రమముగా సమావేశపరచి, ఆశా కార్యకర్త చెప్పు మాటను మొదట వినవలెను.

2. మాటిమాటికి కీళ్లనొప్పులు, రక్తహీనత, కామెర్లు వచ్చు పిల్లలను ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపి పరీక్ష చేయింపవలెను.

3. వ్యాధిగ్రస్తులకు జ్వరము, కడుపునొప్పి, హఠాత్తుగా పాలిపోవుట, కామెర్లు హెచ్చుట కనబడినచో 108 వాహనమును పిలువవలెను. రాత్రివేళ ఆశా కార్యకర్తకు తోడుగా ఒక సభ్యుడు వెళ్లుట ధర్మము.

4. పని స్థలములలో నీడ, మంచినీరు ఉండునట్లు చూడవలెను. నీటితొట్టెను నియమముగా శుభ్రపరచి క్లోరిన్ కలిపింపవలెను.

5. పరీక్షలో తేలిన పేర్లను రచ్చబండ వద్ద చెప్పుకొనరాదు. వాహకుడన్నంత మాత్రమున ఎవరికిని పెండ్లి తప్పరాదు. వాహకులిరువురు తెలియక కలియకుండుటయే పరీక్ష ఉద్దేశము.

రహస్యము నిలుచునను నమ్మకము గలిగిననాడే ప్రజలు పరీక్షకు వత్తురు. ఆ నమ్మకమును వైద్యుడొక్కడే కలిగింపలేడు. అది మీ మాటపై, మీ మౌనముపై ఆధారపడియున్నది.