పాఠం : వాడేవారిని అడిగి చేసిన ఏర్పాటు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు :
1. వినియోగదారుల అనుభవ పరిశోధన అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
2. చదువు రానివారికి కూడా పనికివచ్చే ఏర్పాటు ఎలా ఉండాలో వివరించగలుగుతారు.

1. తప్పు ఎవరిది?

కొత్త యంత్రం చేతికి వస్తే "ఇది నాకు రాదులే" అని చాలామంది పక్కన పెడతారు. తప్పు తమదే అనుకుంటారు. నిజానికి లోపం చాలాసార్లు దాని తయారీలోనే ఉంటుంది. ఒక వస్తువును ఎవరు, ఎక్కడ, ఎలా వాడతారో దగ్గరుండి చూసి, అడిగి తెలుసుకోవడమే వినియోగదారుల అనుభవ పరిశోధన.

2. ఎర్రబోరు సీమ

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, కోంటాకు వెళ్ళే దారిలో ఎర్రబోరు ఉంది. కోంటా దాటి దక్షిణంగా పోతే ఆంధ్రప్రదేశ్ వస్తుంది. ఈ సీమలో గోండి, దోర్లి, తెలుగు మాటలు వినిపిస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవారు దాదాపు 30 లక్షల మంది. అయినా ఆ భాషలో వార్తలు అరుదు. చదవడం రానివారు తమ ఊరి కష్టాన్ని బయటి లోకానికి ఎలా చెప్పుకోవాలి?

3. గొంతే ఉత్తరం

2010లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి 'సీజీనెట్ స్వర' అనే ఏర్పాటును ప్రారంభించారు. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాల వారు ఇందుకు తోడ్పడ్డారు. మామూలు ఫోను చాలు. 1 నొక్కి తమ మాట చెప్పవచ్చు. 2 నొక్కి ఇతరుల మాటలు వినవచ్చు. చెప్పిన విషయాన్ని పరిశీలకులు విని, సరిచూసి అందరికీ అందించేవారు. ఫోను ఖర్చు పేదలకు భారం కాబట్టి, తరువాత మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోను వచ్చే పద్ధతి పెట్టారు.

4. పరిశోధన ఏం చెప్పింది?

ఇంద్రాణి మేధి బృందం భారతదేశంతో పాటు మరికొన్ని దేశాలలో, అంతగా చదువుకోని వారు ఫోను వాడే తీరును గమనించింది. 2011లో ఫలితాలు వెలువడ్డాయి. ఒకదానిలో ఒకటిగా పేర్చిన పట్టికలలో వారు దారి తప్పారు. అక్షరాలున్న ఏర్పాటు కంటే అక్షరాలు లేనిదాన్నే ఇష్టపడ్డారు. బొమ్మలూ మాటలూ కలిసిన పద్ధతిలో పనిని ఎక్కువమంది పూర్తిచేశారు. మాటలతో నడిచే పద్ధతిలో పని త్వరగా సాగింది, ఇతరుల సాయం తక్కువ కావలసివచ్చింది.

అయితే మాట ఒక్కటే ఉంటే చెవిటివారికి పనికిరాదు. అందుకే అన్ని రకాల వారినీ అడిగి చూడాలి.

5. పరీక్షించే విధానం

(అ) వాడేవారికి ఒక పని అప్పగించాలి.
(ఆ) సాయం చేయకుండా గమనించాలి.
(ఇ) ఎక్కడ ఆగిపోయారో రాసుకోవాలి.
(ఈ) ఆ చోటును సరిదిద్ది, మళ్ళీ పరీక్షించాలి.

గుర్తుంచుకోండి : మార్చవలసింది వస్తువును. మనిషిని కాదు.

పాఠంలోని ప్రశ్నలు

1. సీజీనెట్ స్వరను వాడడానికి చదవడం ఎందుకు అవసరం లేదు?
2. మిస్డ్ కాల్ పద్ధతి ఏ ఇబ్బందిని తీర్చింది?

చేసి చూడండి

బటన్ల ఫోనులో 5 అంకెను వేలితో తడమండి. అక్కడ చిన్న పొక్కు తగులుతుంది. అది ఎవరికి, ఎలా ఉపయోగపడుతుందో నాలుగు వాక్యాలలో రాయండి.