స్లోలో నిలవని పాత కారు: రుణగ్రహీతలు, డీలర్లు తెలుసుకోవలసిన పరీక్షలు

వేగంగా పోతున్నంతసేపు చక్కగా నడిచిన కారు, కూడలి వద్ద వేగం తగ్గించగానే వణకి, దగ్గి, ఆగిపోతుంది. మెకానిక్కులు దీనినే "స్లోలో నిలవడం లేదు" అంటారు. కారును బాడుగకు త్రిప్పి ఆ రాబడితో బ్యాంకు వాయిదా చెల్లించే రుణగ్రహీతకు ఇది చిన్న ఇబ్బంది కాదు. అండమాన్ దీవులలో, శ్రీ విజయపురం (2024 సెప్టెంబరు వరకు దీని పేరు పోర్ట్ బ్లెయిర్) నగరానికి చెందిన డాలీగంజ్ వంటి చోట ఈ చిక్కు రెండింతలవుతుంది. అక్కడ ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. గాలిలో తేమ, ఉప్పు ఎప్పుడూ ఉంటాయి. అంగడిలో దొరకని విడిభాగం చెన్నై నుండో, విశాఖపట్నం నుండో వేయి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి రావలసి ఉంటుంది. ఉత్తరాంధ్ర నుండి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగువారికి ఈ సంగతి మనం చెప్పనక్కరలేదు. అనవసరమైన భాగాన్ని తెప్పించుకొన్నవారు దాని ఖరీదుతో పాటు, అది వచ్చే వరకు రావలసిన బాడుగను కూడా పోగొట్టుకొంటారు. కావున లోపం ఎక్కడ ఉన్నదో ముందు తేల్చుకొని, ఆ తరువాతనే ఖర్చుకు గాని రుణానికి గాని పూనుకోవలెను.

ఈ వ్యాసం ముఖ్యంగా కార్బురేటరు గల కార్లను గూర్చినది. మారుతి 800 కారు 1983 డిసెంబరులో వచ్చింది. 2000 ప్రాంతంలో ఇంధన ఇంజెక్షనుకు మారేవరకు దానికి కార్బురేటరే ఉండేది. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని పాత బండ్లదీ ఇదే కోవ.

మొదట చేయకూడని పని ఒకటి ఉన్నది. ఇంజను ఆగిపోతున్నదని ఐడ్లింగు స్క్రూ బిగించి వేగం పెంచకండి. ఇంజను ఆగకపోవచ్చును గాని లోపం అలాగే ఉంటుంది, పెట్రోలు మాత్రం ఎక్కువ ఖర్చవుతుంది. పాత బండ్లు అమ్మేవారిలో కొందరు ఈ స్క్రూను నమ్ముకొనే బేరం సాగిస్తారన్నది డీలరు మిత్రులకు తెలియనిది కాదు. పెట్రోలు పాళ్లు పెంచి ఇంజనును నిలబెట్టడం ఇటువంటిదే. కాలుష్య పరీక్షలో పెట్రోలు కారు పొగను ఐడ్లింగులోనే కొలుస్తారు. పాత ప్రమాణాల నాటి కార్లకు కార్బన్ మోనాక్సైడు 3 శాతం మించరాదు. దాచిన రోగం అక్కడ బయటపడుతుంది.

ఇంజను ఎప్పుడు ఆగుతున్నదో వారం రోజులు ఒక కాగితం మీద వ్రాసుకోండి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, వాన కురిసిన ఉదయమా, బ్రేకు తొక్కినప్పుడా? పనిముట్లు లేకుండానే సగం సంగతి ఆ కాగితం చెబుతుంది.

బ్రేకు తొక్కగానే ఐడ్లింగు మారితే, బూస్టరు ఉన్న కార్లలో ఆ గొట్టం నుండి గాలి చొరబడుతున్నదని అనుమానించవలెను. కార్బురేటరు కొలిచి ఇచ్చే గాలికి తోడు పగిలిన రబ్బరు గొట్టం నుండో, మానిఫోల్డు గాస్కెట్టు నుండో అదనపు గాలి చేరితే మిశ్రమం పలుచబడుతుంది. పెద్ద వేగంలో ఇది అంతగా తెలియదు. ఐడ్లింగులో ఇంజను తీసుకొనే గాలి స్వల్పం గనుక ఆ కొద్దిపాటి కన్నమే దానిని ఆపివేస్తుంది. ఇంజను నడుస్తుండగా సన్నని గొట్టాలను ఒక్కొక్కటిగా వ్రేళ్లతో నొక్కి చూడండి. ఏ గొట్టం నొక్కితే ఇంజను కుదుటపడుతుందో, లోపం ఆ దారిలో ఉన్నది. గొట్టం ఖరీదు ఎంతో మీకు తెలుసు. కార్బురేటరు ఖరీదూ తెలుసు.

వాన ఉదయాలలోనే ఇంజను మిస్సవుతుంటే నిప్పురవ్వ సంగతి చూడవలెను. డిస్ట్రిబ్యూటరు మూత మీద, ప్లగ్గు వైర్ల మీద ఉప్పుతో కూడిన తేమ పొర పేరుకొంటే విద్యుత్తు దాని మీదుగా జారిపోతుంది. రాత్రివేళ ఆరుబయట, దీపాలు ఆర్పి, బానెట్ తెరచి ఇంజనును నడపండి. నీలిరంగు మెరుపులు వైర్ల వెంట పాకితే లోపం కంటికే కనిపిస్తుంది. మూతను లోపలా బయటా పొడిగుడ్డతో తుడిచి, పగులు ఉన్నదేమో చూడండి. మూసిన షెడ్డులో మాత్రం ఈ పరీక్ష చేయరాదు, ఆ పొగ ప్రాణాంతకం.

తరువాత ప్లగ్గులు విప్పి చూడండి. లేత గోధుమరంగు ఆరోగ్యానికి గుర్తు. పొడి మసి పట్టితే పెట్రోలు ఎక్కువగా వస్తున్నది, తెల్లబారితే మిశ్రమం పలుచగా ఉన్నది, నూనె తడి ఉంటే ఇంజను అరిగినదని అనుమానించాలి. మారుతి 800 వంటి కార్లలో ప్లగ్గు సందు 0.7 నుండి 0.8 మిల్లీమీటర్లు. పాయింట్లు ఉన్న బండిలో వాటి సందు కూడా చూసుకోవలెను.

ఇక పెట్రోలు. ఫిల్టరు వద్ద గొట్టం విప్పి కొద్ది పెట్రోలును గాజుసీసాలో పట్టి, నిప్పుకు దూరంగా, పది నిమిషాలు కదపక ఉంచండి. నీరు ఉంటే అడుగున విడిగా నిలుస్తుంది. దేశంలో 2019 ఏప్రిల్ 1 నుండి ఇథనాల్ కలిపే పథకాన్ని విస్తరించినప్పుడు అండమాన్ నికోబార్, లక్షద్వీప్ దీవులను మినహాయించారు. ఇథనాల్ కలిసిన పెట్రోలు కొంత నీటిని తనలో కలుపుకొంటుంది గనుక, అటువంటి చోట సీసా తేటగా కనిపించినా నీరు లేదని నిశ్చయించరాదు. పైగా ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను మెత్తబరచి పాడుచేస్తుంది కావున గొట్టాలు, సీళ్ల మీద మరింత కన్ను ఉంచవలెను.

వేగంలో నిర్దుష్టంగా నడిచి, స్లోలో మాత్రమే ఆగే బండిలో, గాలి చొరబాటు లేదని తేలితే, ఐడిల్ జెట్టు పూడి ఉండడానికే ఎక్కువ అవకాశం. ఈ జెట్టు రంధ్రం సూదిమొన అంత. తుప్పురేణువు ఒకటి చాలు. దానిని గాలితో ఊది శుభ్రపరచాలి. తీగతో గుచ్చితే రంధ్రం పెద్దదై శాశ్వతంగా పెట్రోలు ఎక్కువ త్రాగుతుంది. మిశ్రమపు స్క్రూను కదిపే ముందు అది ఎన్ని చుట్లు విప్పి ఉన్నదో లెక్కించి వ్రాసుకోండి. వ్రాసుకోని మెకానిక్కు చేతికి కారు అప్పగించకపోవడమే మేలని మా అభిప్రాయం.

ఇంజెక్షను కార్లలో థ్రాటిల్ బాడీ మసిని, ఐడిల్ కంట్రోల్ వాల్వును ముందు శుభ్రపరచి చూడవలెను. తక్కినది స్కానరు ఉన్న వర్కుషాపు పని.

ఇవన్నీ చూచినా వణుకు తీరకపోతే కంప్రెషను కొలిపించండి. ఒక సిలిండరు మిగిలినవాటి కంటే బాగా తక్కువ చూపితే, ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజను నూనె పోసి మరల కొలవమనండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు అరిగినవి. ఇంజను విప్పడానికి రుణం కోరవలసిన సందర్భం ఇది. ఆ రెండు అంకెలనూ వర్కుషాపు బిల్లు అంచనా మీద వ్రాయించి దరఖాస్తుతో జతపరచండి.

పాత కారు కొనబోయేవారు బేరానికి ఉదయమే వెళ్లి ముందుగా బానెట్ మీద చేయి వేసి చూడవలెను. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఇంజను నడిపారన్నమాట. మరునాడు వస్తామని చెప్పి, చల్లని ఇంజనును మీ ఎదుటనే స్టార్టు చేయించండి. చోకు తీసివేసిన తరువాత పది నిమిషాలు, హెడ్‌లైట్లు వెలిగించి, యాక్సిలరేటరు ముట్టుకోకుండా నడవనివ్వండి.