ఆదిమ క్రైస్తవము – సహపంక్తి వివాదము

ఏలూరునుండి తాడేపల్లిగూడెము మీదుగా నరసాపురము వరకు పోవువారికి అనేక క్రైస్తవ శాఖల ప్రార్థనాలయములు కానవచ్చును. 1836లో వచ్చిన బౌడెను, బీరు దొరల కృషివలన గోదావరి డెల్టా మిషను పుట్టెను. 1854లో ఏలూరున చర్చి మిషనరీ సంఘము పని ప్రారంభించెను. లూథరనులు, కతోలికులు, బాప్టిస్టులు తక్కినవారు. 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘ మేర్పడినప్పుడు ఆంగ్లికనులు, మెథడిస్టులు మున్నగువారు ఏకమైరి గాని లూథరనులును బాప్టిస్టులును వెలుపలనే నిలిచిరి. ప్రతి శాఖయు తనదే అపొస్తలుల నాటి మతమనును. ఆనాటి మతమెట్లుండెనో సాక్ష్యములనే అడుగుదము.

ఈ వ్యాజ్యమున మిగుల ప్రాచీనమైన పత్రములు పౌలు లేఖలు. అవి క్రీ.శ. 50-60 ప్రాంతమున వ్రాయబడినవి. సువార్తలు 70 ప్రాంతమునను, ఆ తరువాతను పుట్టినవి. గలతీయులకు వ్రాసిన లేఖలో పౌలు ఇట్లు చెప్పుచున్నాడు: యెరూషలేములోని పెద్దలు తనకు కుడిచేయి నిచ్చిరి, బీదలను మరువవద్దనుట తప్ప వేరొకటి కోరలేదు. అపొస్తలుల కార్యములను గ్రంథమో, అన్యజనులకు సున్నతి అక్కరలేదని తీర్పు చెప్పిన ఆ పెద్దలే విగ్రహార్పితమును, రక్తమును, గొంతు నులిమి చంపినదానిని, జారత్వమును విసర్జింపుడని నిబంధనలు వ్రాసి పంపిరనుచున్నది. ఒకే సభను గూర్చి యీ రెండు సాక్ష్యములు చెప్పుచున్నవని పలువురు పండితులు తలంతురు; అట్లయిన నివి పొసగవు.

అంతియొకయలో జరిగినది ఇంకను గమనింపదగినది. పేతురు అన్యజనులతో కలిసి భుజించుచుండెను. యాకోబు నొద్దనుండి కొందరు రాగానే పంక్తినుండి లేచి దూరమయ్యెను. పౌలు అతనిని ముఖాముఖిగా నిందించెను. పేతురు ఏమని బదులు చెప్పెనో మనకు తెలియదు; వాదిపక్షపు మాట మాత్రమే నిలిచినది. కార్యముల గ్రంథము ఈ కలహమును చెప్పనేలేదు.

కావున యేసు మరణించిన యిరువది యేండ్లలోపుననే శిష్యులలో అభిప్రాయభేద ముండెను. రెండవ శతాబ్దమున మార్కియను రోములో వెలివేయబడెను. ఇప్పటి యిరువదియేడు పుస్తకముల పట్టిక అథనాసియుని 367వ సంవత్సరపు లేఖలో కనబడుచున్నది. పట్టికలో చోటు దొరకని తోమా సువార్త పూర్తిపాఠము 1945లో ఈజిప్టున బయల్పడెను. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు చేరిన కొల్లేటిలో దోసిలి ముంచి, ఇది ఫలానా యేటి నీరే యనుట యెట్లు?

అయినను ఒకటి స్పష్టము. ఆ తొలి తగవు దేవుని స్వరూపమును గూర్చినది కాదు. ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండి అన్నము తినవలెనను దానిని గూర్చినది. మన సీమలోని క్రైస్తవులలోను మాల, మాదిగ భేదము వేర్వేరు సంఘములుగా నిలిచిన చోట్లున్నవి. దానిని జూచి నవ్వెడి మనము మాత్రము ఎట్టివారము? సభలలో సమత్వమును గూర్చి ప్రసంగించిన మేమే ఇంటికి వచ్చి పనివారికి వేరు గ్లాసు పెట్టినవారము. పేతురు వలెనే వచ్చినవారి ముఖము జూచి పంక్తి విడిచిన దినములు మాకును కలవు.

ప్రాచీనత యొక్క పత్రము ఎవరి పెట్టెలోను సంపూర్ణముగా లేదు. చదువరులారా, ఏ మతము నిజమైనదని అడుగుటకు ముందు ఈ రాత్రి మన పంక్తిలో ఎవరికి చోటు లేదో పరికింపుడు.