మూకుడు లెక్క వేరు, తొట్టి లెక్క వేరు

ఏలూరు

చి.సౌ. లావణ్యకు అత్తయ్య ఆశీస్సులు.  

"ఆఫర్లో ఎలక్ట్రిక్ ఫ్రయ్యర్ కొన్నానత్తయ్యా, ఎంత నూనె పొయ్యాలి?" అని మెసేజ్ పెట్టావు. దసరాకి ఇరవైమందిని భోజనానికి పిలిచాననీ, గారెలు అందులోనే వేస్తాననీ రాశావు. ఫోన్లో చెబితే సగం నా మాట వింటావు, సగం పిల్లాడి గోల వింటావు. పైగా ఇది అంకెలతో పని. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇన్నేళ్లు హోంసైన్స్ పాఠాలు చెప్పిన చెయ్యి కదా, కాస్త సాగదీస్తాను. ఓపిక పట్టు.

ముందు ఆ అట్టపెట్టె మీది "3.5 లీటర్లు" సంగతి. ఆ అంకె చూసి నాలుగు ప్యాకెట్లు తెచ్చేద్దామనుకున్నావట. ఆగు. అది తొట్టి అంచుదాకా పట్టే కొలత. అంచుదాకా నూనె పోసి ఎవరూ వండరు. నువ్వు ఫొటో తీసి పంపిన కాగితంలో అసలు సంగతి చిన్న అక్షరాల్లో ఉంది చూడు: కింది గీత 2 లీటర్లు, పై గీత 3 లీటర్లు. తొట్టి లోపలి గోడ మీద "మిన్", "మ్యాక్స్" అని ఉండేవి ఆ గీతలే. నీ లెక్కంతా ఆ రెండింటి మధ్య తేలాలి.

అయినా కాగితాన్ని నమ్మేసి ఊరుకోకు. ప్లగ్గు తీసి ఉండగా కొలగ్లాసుతో నీళ్లు పోస్తూ ఏ గీతకి ఎన్ని పట్టాయో ఒకసారి నువ్వే చూసుకో. స్విచ్చులుండే భాగానికి మాత్రం తడి తగలనివ్వకు. తర్వాత నీళ్లు ఒంపేసి, పొడిగుడ్డతో తుడిచి, ఒక పూట ఎండలోనో ఫ్యాను కిందో ఆరబెట్టు. చెంచాడు నీళ్లు మిగిలినా నూనె కాగాక ఆవిరై దాదాపు 1700 రెట్లు ఉబ్బుతాయి. ఆ విసురుకి నూనె బయటికి చిమ్ముతుంది. బంగాళదుంప ముక్కల్నీ చికెన్ ముక్కల్నీ తడి లేకుండా తుడిచి వెయ్యమనేది కూడా ఇందుకే.

కింది గీత ఎందుకో తెలుసా? కాయిల్ నూనెలో మునిగి ఉండాలి. కాయిల్ బయటపడితే దాని వేడి తీసుకునేందుకు నూనె ఉండదు, అది ఎర్రగా కాలిపోతుంది, చుట్టూ ఉన్న నూనె ఆవిరి అంటుకోవచ్చు. "పదే బజ్జీలు కదా, ఒక్క లీటరు చాల్దా" అని గీత కింద పోసి స్విచ్ వేసేవాళ్లున్నారు. వద్దు. రుచి సంగతి తర్వాత, ఇది ఇల్లు కాలే సంగతి.

పై గీత పొంగు కోసం. నూనె వేడెక్కితే పెరుగుతుంది. మన వంటింటి వేడి నుంచి 175 డిగ్రీల దాకా వెళ్లేసరికి దాదాపు పదో వంతు ఎక్కువవుతుంది. చల్లగా రెండున్నర లీటర్లు పోశావనుకో, కాగేటప్పటికి రెండు ముప్పావు. అందులో పావుకిలో పిండి పడితే పై గీత దగ్గరికి వచ్చేసినట్టే. దాని మీద నురగ. ఒకసారి వాడిన నూనె కొత్తదానికన్నా ఎక్కువ నురగ కడుతుంది. కంపెనీవాళ్లు పై గీత గీసేటప్పుడు వీటికి కొంత జాగా వదులుతారు. నువ్వు ఆ గీతకి కాస్త కిందే ఉండు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. మా ఇంట్లో మూకుడుకి లీటరుంబావు పోస్తే గారెలు చక్కగా తేలతాయి, నీ తొట్టికి రెండూ రెండున్నరా ఎందుకు కావాలి? అడుగులో ఉంది తేడా. మూకుడు అడుగు గుండ్రం. నూనె పైన 24 సెంటీమీటర్ల వెడల్పున పరుచుకుని, నడుమ 5 సెంటీమీటర్ల లోతు ఉన్నప్పుడు కూడా అందులో పట్టేది సుమారు 1.2 లీటర్లే. నీ తొట్టి నాలుగు పక్కలా నిటారుగా ఉన్న పెట్టె. కాగితం ప్రకారం పొడవు 25, వెడల్పు 20. రెండూ గుణిస్తే 500. అంటే ఒక్కో సెంటీమీటరు లోతుకి అరలీటరు. అదే 5 సెంటీమీటర్ల లోతు కావాలంటే రెండున్నర లీటర్లు. మూకుట్లో పట్టేదానికి రెట్టింపు! మన పూర్వులు మూకుడికి ఆ ఒంపు పెట్టింది నూనె పొదుపుకేనని నేను వాదించను గానీ, పొదుపు మాత్రం నిజం. ఏ తొట్టి అయినా ఇంతే, పొడవు వెడల్పులు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే ఒక సెంటీమీటరు లోతుకి ఎన్ని లీటర్లో తెలుస్తుంది.

లోతు ఎంత కావాలన్నది వండేదాన్ని బట్టి. గారె, పునుగు, పూరీ, బూరె తేలే సరుకు. వెయ్యగానే మునిగినా క్షణంలో పైకి వస్తాయి. వాటికి కావలసింది పైన చోటు. ఏడు సెంటీమీటర్ల గారె నీ తొట్టిలో వాయికి ఆరే పడతాయి, వరసకి మూడు చొప్పున రెండు వరసలు. అడుగున మరో లీటరు పోసినా ఏడో గారె పట్టదు. బంగాళదుంప ముక్కలూ చికెనూ అలా కాదు, బుట్టలో పోగుపడి కూర్చుంటాయి. వాటికి లోతు కావాలి. ఆ పూట పై గీత దగ్గరగా పొయ్యి, గారెలకి మధ్యలో చాలు.

బుట్ట మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. పచ్చిపిండిని బుట్టలో వేసి దించకు. తీగల సందుల్లో పిండి పట్టుకుని గారె ఊడిరాదు. బుట్ట ముందే నూనెలో దించి పైనుంచి వదలవచ్చు, కానీ గారె మునిగి తీగకి తగిలితే అదీ అంటుకుంటుంది. గారెలకి బుట్ట తీసేసి చిల్లుల గరిటెతో తియ్యడమే మేలు. అరిసెల జోలికి మాత్రం అందులో వెళ్లకు. వాటిని తీసిన వెంటనే రెండు గరిటెల మధ్య నొక్కాలి, ఒకటీ రెండుకు మించి వెయ్యలేవు. ఆపాటి దానికి రెండు లీటర్లు కాచడం దండగ.

ఇక నూనె మరీ తక్కువైతే వచ్చే చిక్కు చూడు. రెండున్నర లీటర్లు బరువులో సుమారు రెండుంబావు కిలోలు. పావుకిలో చల్లటి పిండి పడితే, ఆ పిండి వేడెక్కడానికే నూనె పది పన్నెండు డిగ్రీలు దిగుతుంది. తర్వాత పిండిలోని తడి ఆవిరవడానికి ఇంకా వేడి లాగేసుకుంటుంది. నూనె సగమే ఉంటే అదే పిండికి దిగుడు రెట్టింపు. నూనె చల్లబడితే గారె పైన గట్టిపడదు, నూనె తాగుతుంది. అందుకని పిండి బరువుకి నూనె ఆరు రెట్లకి తగ్గకూడదు, ఎనిమిది తొమ్మిది రెట్లుంటే హాయి. నీ రెండుంబావు కిలోలకి పావుకిలో అంటే తొమ్మిది రెట్లు. వాయి తీశాక మిషన్ మీది చిన్న దీపం మళ్లీ వెలిగి ఆరేదాకా ఆగి ఇంకో వాయి వెయ్యి. అతిథులు ఆకుల ముందు కూర్చున్నారని ఒకేసారి పది కుక్కితే అన్నీ పాడవుతాయి.

వేడి సంగతి రెండు ముక్కల్లో: గారెలకి 170 నుంచి 175, పూరీకి 185 పైన, జంతికలకి 160 దగ్గర. 2000 వాట్ల కాయిల్ రెండున్నర లీటర్లని 175కి తేవడానికి ఏడెనిమిది నిమిషాలు తీసుకుంటుంది. దాన్ని చిన్న సాకెట్టుకి తగిలించకు. మన 230 వోల్టులకి ఇది దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్టు తట్టుకోదు, గీజరుకి వాడే 16 ఆంపియర్లదే కావాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలొద్దు. అమెరికాలో మీ బావ ఇంట్లో గొడవ ఇంకో రకం. అక్కడ 120 వోల్టులు, మామూలు సాకెట్టు 15 ఆంపియర్లు, అంటే 1800 వాట్లు దాటే దారే లేదు. అంతే నూనె అక్కడ ఇంకా నిదానంగా కాగుతుంది, వాయికీ వాయికీ ఎక్కువ ఆగాలి.

ఇప్పుడు నీ ఇరవైమంది. మనిషికి మూడు చొప్పున అరవై గారెలు. ఒక్కోటి 40 గ్రాములైతే పిండి రెండున్నర కిలోలకి కాస్త తక్కువ. అంటే కిలోంబావు మినప్పప్పు నానబెట్టు. ఆరేసి చొప్పున పది వాయిలు, ఆగే సమయం కలుపుకుని గంట పైమాటే. పప్పు గట్టిగా రుబ్బుకుని సరైన వేడిలో వేస్తే తాగే నూనె పిండి బరువులో పదో వంతు చుట్టుపక్కల ఉంటుంది. పావుకిలో, మహా అయితే మూడువందల గ్రాములు అనుకో. నీ తొట్టిలో అది అర సెంటీమీటరు పైచిలుకు దిగుడు. రెండున్నరతో మొదలుపెడితే చివరి వాయికి కూడా కింది గీత పైనే ఉంటావు, మధ్యలో కొత్త నూనె పొయ్యక్కర్లేదు.

కాబట్టి మూడు ప్యాకెట్లు కొను. రెండున్నర తొట్టిలోకి, అరలీటరు చేతిలో. ప్యాకెట్టు మీద గ్రాములు చూసి మరీ కొను. లీటరు నూనె సుమారు 910 గ్రాములు. ఈమధ్య చూపుకి లీటరు ప్యాకెట్టులా ఉండి లోపల తక్కువ పట్టేవీ అమ్ముతున్నారు. నీ దగ్గర వంటింటి తూకం ఉంటే ఇంకా సుఖం. వంటకి ముందు నూనె తూచు, చల్లారాక మళ్లీ తూచు. నీ చేతి గారెలు ఎంత తాగాయో ఆ తేడా చెబుతుంది.

ఇంకో సంగతి ఈ తాగడం గురించే. గారె నూనెలో ఉన్నంతసేపూ లోపలి ఆవిరి బయటికి తోస్తుంటుంది, నూనెని పెద్దగా రానివ్వదు. తీసి చల్లారేటప్పుడు లోపలి ఆవిరి కుదించుకుపోయి పైన అంటిన నూనెని లోపలికి పీలుస్తుంది. అందుకే తీసీ తియ్యగానే గరిటె మీద ఒక విదుపు విదిపి జల్లెట్లో వెయ్యి. పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పేర్చాక కాగితాలు అద్దితే ఏం లాభం?

నూనె రకం అంటావా, రిఫైండ్ వేరుసెనగ నూనె చాలు. గానుగ నూనె రుచికి నాకూ ఇష్టమే గానీ అందులో నుసి ఉంటుంది, తొందరగా నురగా పొగా వస్తాయి. దాన్ని తాలింపులకి ఉంచుకో. డాల్డా అయినా నెయ్యి అయినా గడ్డని కాయిల్ మీద పెట్టకు, విడిగా కరిగించి పొయ్యాలి.

నాకు అసలు భయం పండగ మర్నాడు మిగిలే రెండు లీటర్ల పైన నూనె గురించి. మూకుట్లో పావులీటరు మిగిలితే రెండు కూరల్లో సర్దేస్తాం. రెండు లీటర్లు పారబొయ్యడానికి ఏ ఇల్లాలికీ చెయ్యి రాదు. తొట్టిలోనే మూతపెట్టి వదిలేసి, నెల్లాళ్లకి దాని మీదే కొత్త నూనె పోసి కాస్తారు. కొత్త నూనె పాతదాన్ని బాగుచెయ్యదు, పాతదే కొత్తదాన్ని చెడగొడుతుంది. హోటళ్లవాళ్లకి 2018 జూలై 1 నుంచి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది, కాగి కాగి పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదని. ఇంట్లో అది కొలిచే మీటరు ఉండదు, కన్నూ ముక్కూ ఉన్నాయి. నూనె నల్లబడి చిక్కబడినా, మామూలు వేడికే పొగ వచ్చినా, నురగ అణగకపోయినా, కమురు వాసన కొట్టినా దాని పని అయిపోయినట్టే. గారెలు వేసిన నూనె చల్లారగానే పలచటి గుడ్డలో వడకట్టి, మడ్డి వదిలేసి, గాలి చొరని స్టీలు డబ్బాలో చీకట్లో పెట్టు. వారం పదిరోజుల్లో ఇంకొక్కసారి వాడు. ఆ రెండోసారి కారం పూసిన చికెనో చేపలో వెయ్యి, దాని తర్వాత ఇక దాచకు. సింకులో మాత్రం పొయ్యొద్దు, పైపులు పట్టేస్తాయి. 2018లోనే వాడేసిన నూనెని సేకరించి బయోడీజిల్‌కి పంపే 'రూకో' పథకం మొదలైంది. మీ అపార్ట్‌మెంట్‌వాళ్లంతా కలిసి ఒక డబ్బా పెట్టుకుంటే సేకరించేవాళ్లతో మాట్లాడుకోవచ్చు.

నూనెకి నిప్పంటుకుంటే నీళ్లు పొయ్యకు. ప్లగ్గు చేతికి అందితే తీసెయ్యి, మూత పడేసి దూరంగా జరుగు. అది అల్లుడుగారికి కూడా చెప్పి ఉంచు, కంగారులో బిందె ఎత్తేది మగవాళ్లే.

నీ మిషన్ని నేను తప్పుపట్టడం లేదు. వేడి నిలకడగా ఉంచుతుంది, పొయ్యి దగ్గర నిలబడి చెమటలు కక్కే పని తగ్గిస్తుంది. ఇరవైమందికి అది సరైన సాధనం. మీ నలుగురికి ఆదివారం పూట పది మిరపకాయ బజ్జీల కోసం మాత్రం దాన్ని అటక మీంచి దించకు. రెండు లీటర్లకి తక్కువ పొయ్యలేవు, పోశాక పారెయ్యలేవు. ఆ రోజుకి మీ అమ్మ ఇచ్చిన ఇనప మూకుడు తీసి ముప్పావులీటరు పొయ్యి, అయిపోతుంది.

నీళ్లు పోసి కొలిచాక రెండు గీతలకీ ఎంతెంత పట్టాయో నాకు రాయి. కాగితంలో ఉన్నదానికీ దానికీ తేడా వస్తే నేను చెప్పిన రెండున్నర మారుతుంది, అప్పుడు మళ్లీ లెక్క కడదాం.

ఆశీస్సులతో
మీ అత్తయ్య