చిరుతపులి చుక్కలు

పొదిలికి పడమట మార్కాపురము, దాని కావల నల్లమల కొండలు కలవు. ఆ యడవులలో తిరుగు చిరుతపులికి ఒడలెల్ల చుక్కలు, పెద్దపులికి చారలు. ఒకే కణమునుండి పెరిగిన పిండమున ఈ మచ్చలను ఇంత వరుసగా తీర్చిన దేది?

ఈ ప్రశ్నకు గణితమార్గమున సమాధానము వెదకినవాడు ఆలన్ ట్యూరింగ్. ఆయన 1912లో లండను నగరమున జన్మించెను. తండ్రి జూలియస్ ట్యూరింగ్ మద్రాసు రాజధానిలో ఐ.సి.ఎస్. ఉద్యోగి. అతడు తెలుగు నేర్చి, కర్నూలు జిల్లాలోను పనిచేసెను. 1970 వరకు మార్కాపురము, గిద్దలూరు ఆ జిల్లాలోనివే.

నీటిలో సిరాబొట్టు వేసినచో అది వ్యాపించి, నీరంతయు ఒకే రంగగును. వ్యాపనము భేదములను చెరిపివేయుననియే సామాన్యముగా తలంతుము. ట్యూరింగ్ 1952లో ప్రకటించిన వ్యాసమున ఇందుకు విరుద్ధమైన సంగతిని నిరూపించెను. రెండు పదార్థములు ఒకదానిపై నొకటి పనిచేయుచు, వేరువేరు వేగములతో వ్యాపించినచో, ఆ వ్యాపనమే భేదములను పుట్టింపగలదు.

అదెట్లు? వానలు తక్కువైన మెట్టనేలను తలచుకొనుడు. ఒక పొద మొలిచినచోట నీడవలన తేమ నిలిచి, మరికొన్ని మొక్కలు లేచును. కాని వాని వేళ్లు దూరమునుండి నీటిని లాగుటచే చుట్టును నేల బోడియగును. ఆవల మరల పొదలు. చర్మమునందును ఇట్లే. ఒక పదార్థము తన్ను తాను పెంచుకొనుచు, తన్ను అణచు రెండవదానిని కూడ పుట్టించును. అణచునది త్వరగా దూరము పోవును. పెంచునది మెల్లగా కదలును. అందుచే కంటికి కానరాని స్వల్పభేదమే పెరిగి మచ్చయగును, చుట్టును ఎడమేర్పడును. ఆ ఎడమెంతయో సమీకరణములు చెప్పును.

జేమ్స్ ముర్రే అను గణితజ్ఞుడు వానినుండి మరియొక ఫలితమును రాబట్టెను. సన్నని తోకపై చుక్కలకు చోటు చాలదు. అవి కలిసి కట్లగును. చిరుత తోక చివర ఇట్టి కట్లే కానవచ్చును.

ట్యూరింగ్ 1954లో మరణించెను. ఆయన ఊహించిన నమూనా రసాయన ప్రయోగమున మొదటిసారి కనబడినది 1990లో, ఫ్రాన్సు దేశపు బోర్డో నగరమున. 2021లో పిల్లి పిండములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, రోమములు మొలవకమునుపే, రాబోవు మచ్చల తావులందు డి.కె.కె.4 అను జన్యువు పనిచేయుచున్నదని ప్రకటించిరి. అదియు అణచు పదార్థమును పుట్టించునదే.

ట్యూరింగ్ సమీకరణముల సారము మార్కాపురపు పలకపై ఒక్క పంక్తిలో వ్రాయవచ్చును: మొత్తము మార్పు, చర్యవలని మార్పును వ్యాపనమువలని మార్పును కూడినంత. ఆ పంక్తికి రసాయన సాక్ష్యము దొరకుటకు ముప్పది యెనిమిదేండ్లు పట్టెను. సత్యాన్వేషణకు బుద్ధి ఎంత యవసరమో, ఓర్పును అంత యవసరము.