నడుము నొప్పి సాకు కాదు

పాలమూరు కూలీల పేరు దేశమంతా తెలుసు. ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసింది వాళ్లే. కాలువలు తవ్వింది వాళ్లే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల నుంచి ఎంతో మంది ఈ పనులకు పోయారు. అప్పుడు ఈ ఊళ్లన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోవి. 2016లో మూడు వేరు జిల్లాలయ్యాయి. ఇప్పుడు కూడా వయసు పిల్లలు హైదరాబాదుకు, బొంబాయికి కూలికి పోతున్నారు.

సిమెంటు బస్తా బరువు 50 కిలోలు. దాన్ని రోజంతా ఎత్తాలి, దించాలి. గద్వాల చీర నేసేవాళ్లకు ఆ బరువు లేదు. కానీ గుంత మగ్గంలో పొద్దంతా కూర్చోవాలి. ఎత్తినా నడుమే, కూర్చున్నా నడుమే.

అయినా ఇంట్లో మాట వేరుగా ఉంటుంది.

"ముసలోళ్ల నొప్పి వీనికెందుకు? పనికి పొమ్మంటే సాకులు చెప్తుండు" అంటుంది అత్త.

"రాత్రంతా దొర్లుతనే ఉంటడు అత్తమ్మా. పిల్లను ఎత్తుకుందామన్నా వంగలేడు" అంటుంది కోడలు.

ఇద్దరికీ బాధ ఉంది. కొడుకు పడుకుంటే కూలి రాదు. మేస్త్రీ దగ్గర తెచ్చిన అడ్వాన్సు తీరదు. అందుకే అతను గోలీ మింగి మళ్లీ బస్తా ఎత్తుతాడు. నిద్ర ఉండదు. ఊరికే కోపం వస్తుంది. కొందరు నొప్పి మరవాలని తాగుతారు. నొప్పి ఒకరిదే, కష్టం ఇల్లంతటిది.

నడుము నొప్పి ముసలివాళ్లకే రాదు. 2020లో ప్రపంచంలో దాదాపు 62 కోట్ల మందికి ఈ నొప్పి ఉంది. చాలా మందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. మూడు నెలలు దాటినా తగ్గకపోతే దాన్ని పాత నొప్పి అనాలి.

నొప్పిలో రకాలున్నాయి. ఒకటి పని నొప్పి. బరువు ఎత్తితే పెరుగుతుంది. కాస్త ఆగితే తగ్గుతుంది. ఇంకోటి కీళ్ల వాపు వల్ల వచ్చే నొప్పి. ఇది వయసు పిల్లలకే ఎక్కువగా మొదలవుతుంది. పొద్దున లేవగానే నడుము కట్టెలాగ బిగుసుకుంటుంది. అరగంట దాటినా వదలదు. పడుకుంటే తగ్గదు, నడిస్తే తగ్గుతుంది. దీన్ని వదిలేస్తే వెన్ను వంగిపోవచ్చు. తొందరగా కనిపెడితే మందులతో అదుపు చేయవచ్చు.

మరి ఏం చేయాలి?

నెలల తరబడి మంచం మీద పడుకోవద్దు. ఓర్చుకోగలిగినంత నడవాలి. చిన్న పనులు చేయాలి. బరువును ఇద్దరు కలిసి ఎత్తాలి. ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. మగ్గం మీద ఉన్నవాళ్లు మధ్యమధ్యలో లేచి నాలుగు అడుగులు వేయాలి. కొన్నాళ్లు తేలిక పని ఇమ్మని మేస్త్రీని అడగాలి.

డాక్టరును అడగకుండా రోజూ నొప్పి గోలీలు మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు. కిడ్నీలు చెడిపోవచ్చు. అందరికీ స్కానింగ్ అక్కర లేదు. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. అవసరమైతే అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపుతారు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి.

గుర్తుంచుకోండి

ఈ గుర్తులు కనబడితే ఒక్క రోజు కూడా ఆగవద్దు:
- మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండా పడిపోవడం
- తొడల మధ్య తిమ్మిరెక్కడం
- కాళ్లలో బలం తగ్గడం
- కింద పడిన తరువాత గట్టి నొప్పి రావడం

నొప్పితో పాటు జ్వరం ఉన్నా, మనిషి చిక్కిపోతున్నా డాక్టరుకు చూపించాలి. వెన్నుకు కూడా టీబీ వస్తుంది.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో నడుము నొప్పితో పనికి పోయేవాళ్లు ఉన్నారా? పొద్దున లేవగానే వాళ్లకు ఎలా ఉంటుంది?
2. నొప్పి ఉందని మేస్త్రీకి చెప్పడానికి ఎందుకు జంకుతారు? అందరూ కలిసి అడిగితే ఏమవుతుంది?
3. "సాకులు చెప్తుండు" అనే బదులు అత్త ఏమని అడగాలి? రెండు వాక్యాలు రాయండి.